రంగు పోయిన నీరు శుభ్రమైన నీరేనా?



మన పత్రికలో పండుగలను గూర్చి, పూర్వీకుల చరిత్రను గూర్చి, భాషను గూర్చి వ్యాసములు వస్తూ ఉంటాయి. ఈసారి ఒక విజ్ఞానశాస్త్ర విషయము వ్రాయుటకు సాహసిస్తున్నాను. మారిషస్‌లోని ఒక బడిలో 30 సంవత్సరాలుగా పిల్లలకు సైన్సు చెబుతున్నాను గాని, తెలుగులో సైన్సు వ్రాయడం నాకు ఇదే మొదటిసారి. నేను తెలుగు నేర్చుకొన్నది మందిరం వెనుక గదిలో జరిగిన సాయంకాలపు తరగతులలో. అక్కడ మా గురువుగారు ఉత్ప్రేరకం అనే మాట నేర్పలేదు. కనుక మాటలు ఎక్కడైనా తప్పుగా పడితే పెద్దలు మన్నించి దిద్దవలెనని కోరుతున్నాను.

ఈ విషయము నాకు ఎందుకు ముఖ్యమో ముందు చెప్పాలి.

మా ఊరి వాగు

మా ఇంటి వెనుక చెరకు తోట, ఆ తోట చివర ఒక చిన్న వాగు. నా చిన్నతనంలో మా అమ్మ ఆ వాగులోనే బట్టలు ఉతికేది. మేము పిల్లలం రాళ్ళ క్రింద రొయ్యలు పట్టేవాళ్ళం. మన దేశంలో 1970లో ఎగుమతి మండలాల చట్టం వచ్చింది. తరువాత 1980లలో బట్టల ఫ్యాక్టరీలు చాలా లేచాయి. చెరకు కోతకు వెళ్ళే ఆడవారికి నీడ పట్టున జీతం దొరికింది. మా అక్క కూడా అలాంటి ఒక ఫ్యాక్టరీలో కుట్టుపని చేసింది, ఆ జీతంతోనే నేను చదువుకొన్నాను. కనుక ఫ్యాక్టరీలను తిట్టుటకు నేను ఈ వ్యాసం వ్రాయుట లేదు.

అయితే వాగుకు ఎగువన ఒక అద్దకపు ఫ్యాక్టరీ వచ్చింది. అప్పటి నుండి వాగు రంగులు మార్చడం మొదలుపెట్టింది. ఒక వారం ఎరుపు, ఒక వారం నీలం. "ఈ వారం ఏ దేశానికి ఏ రంగు చొక్కాలు పోతున్నాయో వాగును చూసి చెప్పవచ్చు" అని మా నాన్న హాస్యంగా అనేవాడు. అమ్మ మాత్రం నవ్వేది కాదు. ఆమె బట్టల మూటను తిరిగి ఇంటికి మోసుకొచ్చి కుళాయి దగ్గర కూర్చునేది.

కొన్నేళ్ళ తరువాత ఆ ఫ్యాక్టరీవారు నీటిని శుద్ధి చేసే తొట్లు కట్టించారు. వాగు మళ్ళీ తెల్లగా పారింది. అప్పటికి నేను కొత్తగా ఉపాధ్యాయుడనయ్యాను. నా తరగతి పిల్లలను వాగు ఒడ్డుకు తీసుకొనిపోయి, "చూడండి, సైన్సు వలన నీరు శుభ్రమైనది" అని గర్వంగా చెప్పాను. ఒక పిల్లవాడు, "సార్, మరి రొయ్యలు ఎందుకు లేవు?" అని అడిగాడు. "వస్తాయి, కొంచెం ఆగాలి" అన్నాను. చాలా సంవత్సరాలు ఆగాము. అవి రాలేదు.

ఆ పిల్లవాడి ప్రశ్నకు సరియైన జవాబు నాకు జర్మనీలోని పాడర్‌బోర్న్ అనే పట్టణంలో దొరికింది.

ఊటల పట్టణం

నా మేనకోడలు పాడర్‌బోర్న్ విశ్వవిద్యాలయంలో రసాయనశాస్త్రం చదువుతున్నది. గత వేసవిలో ఆమెను చూచుటకు వెళ్ళాను. ఈ పట్టణం జర్మనీ వాయవ్య భాగంలో, వెస్ట్‌ఫాలియా ప్రాంతంలో ఉన్నది. "బోర్న్" అంటే పాత జర్మన్ భాషలో ఊట. పట్టణం నడిబొడ్డున, పెద్ద చర్చి క్రిందనే, 200కు పైగా ఊటలు పుట్టుకొస్తాయి. అన్నీ కలిసి సెకనుకు 3,000 నుండి 9,000 లీటర్ల నీటినిస్తాయి. ఆ నీరే పాడర్ నది. అది 4 కిలోమీటర్ల ప్రాంతం పారి లిప్పె నదిలో కలిసిపోతుంది. జర్మనీలో అతి పొట్టి నది ఇదేనని వారు ముచ్చటగా చెప్పుకొంటారు. ఒక పాయను "వెచ్చని పాడర్" అంటారు. దాని నీరు మిగిలిన ఊటలకంటె కొంచెం వెచ్చగా ఉంటుంది కనుక, పూర్వం చలికాలంలో ఆడవారు అక్కడ బట్టలు ఉతికేవారట. ఆ మాట వినగానే నాకు మా అమ్మ గుర్తుకు వచ్చింది.

నీరు అద్దంలా ఉన్నది. అడుగున ఉన్న నాచు పోగులు కూడా లెక్కపెట్టవచ్చు. "ఈ నీరు చేతితో తీసుకొని త్రాగవచ్చు గదా" అన్నాను.

"అలా అనుకొనే ఒకప్పుడు ఈ ఊరివారు జబ్బుపడ్డారు, మామయ్యా" అన్నది మా అమ్మాయి. (మేము మాట్లాడుకొనేది ఎక్కువగా క్రియోలులోనే. ఇక్కడ తెలుగులో వ్రాస్తున్నాను.)

పట్టణానికి దక్షిణాన ఉన్న మెట్టభూమి అంతా సున్నపురాయి. అందులో చీలికలు, గుహలు ఎక్కువ. అక్కడి సావర్, ఆల్టెనావ్ వంటి వాగుల నీరు దారిలో నేలలోని బిలాలలోనికి దిగిపోయి, రాళ్ళ మధ్యగా వచ్చి పాడర్ ఊటలలో పైకి లేస్తుంది. ఇసుకలో నెమ్మదిగా ఇంకిన నీరు వడగట్టబడుతుంది. రాతి చీలికలో పరుగెత్తే నీటికి ఆ వడపోత ఉండదు. పై గ్రామాల మురికి కూడా నీటితోపాటే వచ్చేది. 1890ల చివర పాడర్‌బోర్న్‌లో టైఫాయిడ్ వ్యాపించినప్పుడు ఈ సంగతి అందరి దృష్టికి వచ్చింది. హన్స్ ష్టిలె అనే భూగర్భ శాస్త్రవేత్త ఈ ఊటల పుట్టుకను గూర్చి 1903లో ఒక గ్రంథమే ప్రకటించాడు. నీరు తేటగానే ఉన్నది, రోగం ఆ తేటనీటిలోనే ఉన్నది.

ఇటువంటి చోట్ల నీటి దారిని కనిపెట్టడానికి శాస్త్రజ్ఞులు రంగునే వాడుతారు. 1877లో అడోల్ఫ్ క్నోప్ అనే ఆచార్యుడు దక్షిణ జర్మనీలో డాన్యూబ్ నది నేలలోనికి ఇంకిపోయే చోట 10 కిలోల ఫ్లోరెసీన్ రంగును కలిపించాడు. సుమారు 60 గంటల తరువాత, 12 కిలోమీటర్ల దూరాన ఆఖ్ ఊటలో నీరు పచ్చగా మెరుస్తూ పైకి వచ్చింది. ఆ రంగును అంతకు ఆరేళ్ళ ముందే, 1871లో, అడోల్ఫ్ ఫాన్ బాయర్ తయారు చేశాడు. ఆ పచ్చరంగు నీరు ఎవరికీ హాని చేయలేదు, సత్యం చెప్పింది.

అంటే రంగున్న నీరు హానిలేనిది కావచ్చును, రంగులేని నీరు హానికరము కావచ్చును. ఈ ఒక్క మాట గుర్తు పెట్టుకొంటే క్రింద చెప్పబోయేదంతా సులభంగా తెలుస్తుంది.

రంగులు నీటిలోనికి ఎలా వస్తాయి?

అద్దకము మన తెలుగువారికి కొత్త కాదు. మన పూర్వీకులు ఓడ ఎక్కిన కోరంగి, కాకినాడ రేవులకు దక్షిణాననే మచిలీపట్నం ఉన్నది. (కోరంగి పేరు మీదనే మారిషస్‌లో మనలను "కొరింగీలు" అన్నారు.) అక్కడి కలంకారీ పనివారు చిరివేరుతో ఎరుపు, నీలిమందుతో నీలం అద్దేవారు. కరక్కాయ, పటిక పట్టించి, బట్టను పేడనీటిలో నానబెట్టి ఎండలో ఆరవేసి తెల్లబరచి, పారే నీటిలో జాడించేవారు. పాడర్‌బోర్న్‌కు దగ్గరలోని బీలెఫెల్డ్ నార బట్టలకు పేరుపొందిన ఊరు. అక్కడివారు కూడా బట్టను పచ్చికపై పరచి ఎండలోనే తెల్లబరచేవారు. ఎండకు రంగును విరిచే శక్తి ఉన్నదని ఇద్దరికీ అనుభవం వలన తెలుసు.

1856లో ఇంగ్లండులో విలియం పెర్కిన్ కృత్రిమ ఊదారంగు చేశాడు. తరువాత జర్మనులు ఈ విద్యలో ముందుకు పోయారు. 1869లో చిరివేరు జాతి ఎరుపుకు మూలమైన అలిజరిన్‌ను, 1876లో మిథిలీన్ బ్లూను చేశారు. 1897లో కృత్రిమ నీలిమందు అంగడికి వచ్చింది. భారతదేశపు నీలితోటలు దానితో మూతబడసాగాయి.

కృత్రిమ రంగులు చెమటకు, సబ్బుకు, ఎండకు ఓర్చుకోవాలని తయారు చేయబడినవి. కొనేవారికి అది గుణము, వాగుకు అదే దోషము. బట్టపై వెలియని రంగు వాగులో కూడా వెలియదు. మురుగునీటిని శుద్ధి చేసే సూక్ష్మజీవులు కూడా దానిని సులభంగా తినలేవు. పైగా తొట్టిలో వేసిన రంగంతా బట్టకు పట్టదు. నూలుకు వాడే కొన్ని రియాక్టివ్ రంగులలో మూడోవంతు వరకు కూడా నీటిలోనే మిగిలిపోతుంది. వెయ్యి లీటర్ల నీటిలో ఒక గ్రాము రంగు పడినా కొన్ని రంగులు కంటికి కనిపిస్తాయి. వాగు రంగెక్కితే వెలుతురు అడుగుకు చేరదు, నాచు బ్రతకదు, నాచు లేకపోతే చేపకు ప్రాణవాయువు తగ్గుతుంది.

మామూలు శుద్ధి పద్ధతులలో పటిక వంటివి వేసి రంగును పేరబెట్టి అడుగుకు దించుతారు. లేదా బొగ్గుపొడికి పట్టిస్తారు. అప్పుడు నీరు తేటబడుతుంది గాని, రంగు మడ్డిలోనో బొగ్గులోనో కూర్చుంటుంది. ఇల్లు ఊడ్చి చెత్తను మంచం క్రిందకు త్రోసినట్టు అన్నమాట. ఆ మడ్డిని ఎక్కడో పూడ్చాలి.

మరి రంగును చోటు మార్చకుండా, దానినే విరిచి లేకుండా చేయగలమా? దానికి ఒక దారి వెలుతురు.

తెల్లని పొడి చేసే పని

టైటానియం డైఆక్సైడ్ అనే తెల్లని పొడి మీ అందరి ఇళ్ళలో ఉన్నది. గోడ సున్నపు రంగులోను, కొన్ని పళ్ళపొడులలోను తెలుపు దానిదే. దాని ముడిఖనిజములలో ఒకటైన ఇల్మెనైట్ ఎక్కడ దొరుకుతుందో తెలుసునా? శ్రీకాకుళం నుండి భీమునిపట్నం వరకు ఉన్న సముద్రతీరపు నల్ల ఇసుకలో. మనలో ఎందరి తాతముత్తాతలో ఆ తీరం నుండే వచ్చారు.

ఈ తెల్లరంగు వేసిన గోడలు ఎండకు త్వరగా పొడి రాలుతున్నాయని, దానితో కలిపిన ఇతర రంగులు వెలిసిపోతున్నాయని రంగుల వ్యాపారులు గమనించారు. 1929లో కైడెల్ అనే జర్మన్ పరిశోధకుడు దీనిని గూర్చి వ్రాశాడు. 1938లో గుడీవ్, కిచనర్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు, అతినీలలోహిత కాంతిలో ఈ పొడి రంగును విరుస్తున్నదని, పొడి మాత్రం ఖర్చు కావడం లేదని చూపించారు. 1972లో జపానులో ఫుజిషిమా, హోండా అనేవారు టైటానియం డైఆక్సైడ్‌పై కాంతి పడితే నీరు ప్రాణవాయువుగా, ఉదజనిగా విడిపోతుందని ప్రకటించినప్పుడు లోకం దీనివైపు తిరిగి చూసింది. 1977లో అమెరికాలో ఫ్రాంక్, బార్డ్ అనేవారు ఇదే పొడితో నీటిలోని సైనైడు విషాన్ని విరిచారు. చూడండి, రంగుల వ్యాపారికి తలనొప్పి అయిన దోషమే నీటికి మందు అయినది.

తాను ఖర్చు కాకుండా రసాయన చర్యను నడిపించే పదార్థమును ఉత్ప్రేరకం అంటారు. పెళ్ళిళ్ళ పేరయ్యను తలచుకోండి. ఇద్దరినీ కలుపుతాడు, పెళ్ళి అయిపోగానే ఇంకొక ఇంటికి పోతాడు, తాను మాత్రం మారడు. కాంతి పడితేనే పనిచేసే పేరయ్య కాంతి ఉత్ప్రేరకం.

లోపల జరిగేది ఇది. ఆ పొడిలోని ఎలక్ట్రానులు తమ స్థానములలో కట్టుబడి ఉంటాయి. అక్కడి నుండి ఒక ఎలక్ట్రానును పై మెట్టుకు ఎక్కించాలంటే 3.2 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి కావాలి. సుమారు 388 నానోమీటర్లకంటె పొట్టి అలలు గల కాంతికి, అంటే అతినీలలోహిత కాంతికి, ఆ శక్తి ఉన్నది. ఎలక్ట్రాను పైకి ఎగిరితే దాని చోటు ఖాళీ అవుతుంది. ఎగిరిన ఎలక్ట్రాను నీటిలో కరిగి ఉన్న ప్రాణవాయువును పట్టుకొంటుంది. ఖాళీ అయిన చోటు, ప్రక్కనే ఉన్న నీటి నుండి ఎలక్ట్రానును లాగుకొంటుంది. అప్పుడు హైడ్రాక్సిల్ రాడికల్ అనే మహా ఆకలిగల తునక పుడుతుంది. నీటిని శుద్ధి చేయడానికి మనం వాడే క్లోరిను ఆక్సీకరణ శక్తి 1.36 వోల్టులు, ఓజోనుది 2.07, దీనిది 2.8. దగ్గరకు వచ్చిన రంగు అణువును ఇది ముక్కలు ముక్కలుగా కొరుకుతుంది. చివర వరకు కొరకనిస్తే ఆ అణువులోని కార్బను బొగ్గుపులుసు గాలిగా మారుతుంది. నీరు, నైట్రేటు, సల్ఫేటు వంటి లవణములు మిగులుతాయి.

అయితే ఈ తునకకు ఆయుష్షు చాలా తక్కువ. పుట్టిన చోటనే ఏదో ఒకదానిని పట్టుకొని పోతుంది. కనుక రంగు అణువు పొడి దగ్గరకు రావాలి, పొడికి ఉపరితలం ఎక్కువ ఉండాలి. పరిశోధనశాలల్లో ఎక్కువగా వాడే పి-25 అనే జర్మన్ పొడి ఒక్క గ్రాములో సుమారు 50 చదరపు మీటర్ల ఉపరితలం ఉంటుంది. ఒక చిన్న ఇంటి నేలంత!

వంటగది కిటికీలో ప్రయోగం

మా అమ్మాయి తన వంటగదిలోనే నాకు దీనిని చూపించింది. చేపల తొట్టెలకు అమ్మే మిథిలీన్ బ్లూ చుక్కలు నీటిలో వేసి నాలుగు గాజు గ్లాసులు నింపింది. మొదటి దానిలో రంగు మాత్రమే వేసి ఎండలో పెట్టింది. రెండవ దానిలో తెల్లపొడి కలిపి బీరువాలో చీకటిలో పెట్టింది. మూడవ దానిలో తెల్లపొడి కలిపి ఎండలో పెట్టింది. నాలుగవది రంగు మాత్రమే, చీకటిలో.

"నాలుగు ఎందుకు, ఒకటి చాలదా?" అని అడిగాను, తెలిసి కూడా.

"ఒక్కటే పెడితే రంగు ఎండవలన పోయిందో, పొడికి అంటుకొని పోయిందో, రెండూ కలిసి విరిచినవో ఎలా తెలుస్తుంది?" అన్నది. ఉపాధ్యాయునికి ఇంతకంటె సంతోషం ఉండదు.

సాయంకాలానికి నాలుగవది మారలేదు. మొదటిది కొంచెం వెలిసింది. రెండవ దానిలో పొడి నీలంగా మారి, నీరు కాస్త తేలికబడింది. ఎండలో ఉన్న మూడవది దాదాపు నీటి రంగుకు వచ్చింది.

నేను చప్పట్లు కొట్టాను. ఆమె కొట్టలేదు. "మామయ్యా, మీరు చిన్నప్పుడు మాకు నీలం సీసా ఇంద్రజాలం చూపించేవారు, జ్ఞాపకం ఉన్నదా?" అని అడిగింది.

జ్ఞాపకం లేకేమి! గ్లూకోజు, కాస్టిక్ సోడా కలిపిన నీటిలో మిథిలీన్ బ్లూ వేసి సీసాకు బిరడా పెట్టి ఉంచితే రంగు పోతుంది. సీసాను కుదిపితే గాలిలోని ప్రాణవాయువు కలిసి నీలం తిరిగి వస్తుంది. ప్రతి సంవత్సరం పిల్లలకు చూపిస్తాను.

"అందులో రంగు పోయినప్పుడు నీలం ఎక్కడికి పోయింది?" అన్నది.

ఎక్కడికీ పోలేదు. ఆ అణువు సీసాలోనే ఉన్నది, మన కంటికి కనిపించని రూపంలో. ఈ జవాబు నేను ప్రతి సంవత్సరం నోటితో చెబుతున్నదే. కాని మా ఊరి వాగుకు ఆ జవాబును నేను ఏనాడూ అన్వయించలేదు.

కనిపించని ముక్కలు

రంగు అంటే అణువులోని ఒక భాగము వెలుతురును పట్టే తీరు. ఆ ఒక్క భాగం విరిగితే చాలు, రంగు పోతుంది. మిగిలిన అణువు ముక్కలుగా నీటిలోనే ఉండవచ్చు. అద్దకంలో అన్నిటికంటె ఎక్కువగా వాడే అజో రంగులలో రెండు నత్రజని పరమాణువులు జంటగా ఉండి రంగును ఇస్తాయి. గాలి తగలని మురుగు తొట్టెలో సూక్ష్మజీవులు ఆ జంటను త్రెంచుతాయి. నీరు తేటబడుతుంది. కాని త్రెగిన ముక్కలు ఆరోమాటిక్ ఎమీనులు. వానిలో కొన్ని క్యాన్సరును కలిగించేవి. అందువలననే జర్మనీ 1990లలో అటువంటి ముక్కలుగా విరిగే అజో రంగులను బట్టలలో నిషేధించింది. తరువాత 2002లో యూరోపియన్ యూనియన్ దేశాలన్నిటికీ అదే చట్టం చేశారు.

కనుక మంచి పరిశోధకులు రంగు పోయిందని సంతోషించి ఊరుకోరు. నీటిలో మొత్తం సేంద్రియ కార్బను ఎంత మిగిలిందో కొలుస్తారు. రంగు ఒక గంటలో పోవచ్చు, కార్బను చాలా గంటలు నిలవవచ్చు. అది కూడా తగ్గితేనే రంగు నిజంగా విరిగి గాలిగా, లవణంగా మారినట్టు. మిథిలీన్ బ్లూతో మరొక చిక్కు ఉన్నది. అది తానే వెలుతురును త్రాగి వెలుస్తుంది. అందుచేత ఆ ఒక్క రంగు వెలిసిందని పొడి గొప్పదని చెప్పుట తొందరపాటే.

మా ఊరి ఫ్యాక్టరీ తొట్లలో ఏమి జరిగిందో నేను కొలవలేదు, కనుక వారిని నిందించను. నేను నిందించేది నన్నే. రంగు పోయింది కనుక శుభ్రమైనదని కొలవకుండా పిల్లలకు చెప్పాను. రొయ్యలను గూర్చి అడిగిన పిల్లవాడు నాకంటె మంచి శాస్త్రజ్ఞుడు.

ఉప్పు సంగతి

ఇంకొక విషయము. వెలుతురు రంగును విరుస్తుంది గాని ఉప్పును విరవలేదు. నూలుకు రియాక్టివ్ రంగు పట్టాలంటే తొట్టిలో లీటరుకు 30 నుండి 100 గ్రాముల వరకు ఉప్పు వేస్తారు. అది అంతా బయటకే వస్తుంది. తమిళనాడులోని తిరుప్పూరులో నొయ్యల్ నది క్రింది రైతుల పొలాలు ఈ ఉప్పువలన, రంగువలన పాడైనవి. వ్యవసాయం కొరకు కట్టిన ఒరత్తుపాళయం ఆనకట్టలో అద్దకపు నీరే నిలిచిపోయింది. చివరకు 2011 జనవరిలో మద్రాసు హైకోర్టు అక్కడి అద్దకపు ఫ్యాక్టరీలను మూయమని ఆజ్ఞాపించింది. వందలాది ఫ్యాక్టరీలు ఆగి, వేలమంది కూలీలకు పని పోయింది. నీటిని బయటకు వదలకుండా, పొరల ద్వారా వడగట్టి, మిగిలినది కాచి ఉప్పు తీసే ఏర్పాటు ఉంటేనే తిరిగి తెరవనిచ్చారు. రైతుకు నష్టం, కూలీకి నష్టం. ముందుగా జాగ్రత్తపడితే రెండూ తప్పేవి.

మరి ఫ్యాక్టరీలలో ఎందుకు లేదు?

ఇంత మంచి పద్ధతి 50 ఏళ్ళుగా తెలిసి ఉండగా అన్ని ఫ్యాక్టరీలలో ఎందుకు లేదని మీరు అడుగవచ్చు. కారణములు నాలుగు.

మొదటిది, సూర్యకాంతిలో అతినీలలోహిత భాగం నూటికి నాలుగైదు వంతులే. మిగిలిన వెలుతురును ఈ తెల్లపొడి పట్టుకోలేదు. దీపాలు పెడితే కరెంటు ఖర్చు. రెండవది, చిక్కటి రంగునీటిలో వెలుతురు పొడి వరకు చేరదు. మూడవది, పని అయిన తరువాత అంత సన్నని పొడిని నీటి నుండి తిరిగి తీయడం కష్టం. నాలుగవది, నీటిలోని ఉప్పులు, సబ్బులు మన ఆకలి తునకను ముందే మింగుతాయి, రంగు మిగిలిపోతుంది.

వీటికి జవాబులు వెదుకుతూనే ఉన్నారు. పొడిని నీటిలో కలపకుండా వాలు పలకపై పూతగా పూసి, ఆ పలకపై నీటిని పలుచని పొరగా ఎండలో పారించే పద్ధతి ఒకటి. జర్మను, తునీషియా పరిశోధకులు కలిసి తునీషియాలోని మెంజెల్ తెమీమ్‌లో ఒక బట్టల ఫ్యాక్టరీ వద్ద ఇటువంటి దానిని కట్టి, 2004లో ఫలితములు ప్రకటించారు. అక్కడ సూక్ష్మజీవుల శుద్ధి తరువాత మిగిలినదానికి మాత్రమే ఎండ చికిత్స. అదే తెలివైన వరుస. చౌకగా అయ్యే పని సూక్ష్మజీవులకు, మొండి మిగులు వెలుతురుకు. హైదరాబాదులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కెమికల్ టెక్నాలజీలో కూడా ఈ పొడిని రంధ్రములు గల పదార్థములపై నిలిపి సూర్యకాంతితో కలుపుమందులను విరిచే పరిశోధన జరిగింది. తెలుగు నేలమీద కూడా ఈ విద్య ఉన్నదని తెలిసి నాకు గర్వం కలిగింది.

పాడర్‌బోర్న్ విశ్వవిద్యాలయం 1972లో, అంటే ఫుజిషిమా వ్యాసం వచ్చిన సంవత్సరమే, స్థాపించబడినది. అక్కడ మైఖేల్ టీమన్ ఆచార్యుని బృందం సన్నని రంధ్రములు గల లోహ ఆక్సైడులను తయారు చేస్తున్నది. మథియాస్ బావర్ ఆచార్యుని బృందం కంటికి కనిపించే వెలుతురును పట్టే పనికి రుథీనియం వంటి అరుదైన లోహములకు బదులు ఇనుమును వాడే ప్రయత్నంలో ఉన్నది. ఇనుము వెలుతురును పట్టినా క్షణంలో కోటివంతు కూడా నిలుపుకోలేక వదిలేస్తుందనేది దానితో ఉన్న కష్టం. 2023లో వారు ప్రకటించిన ఒక ఇనుప సంయోగం వెలుతురును త్రాగి రెండు రంగుల కాంతిని తిరిగి ఇస్తుంది. ఇది వాగు శుభ్రం చేసే యంత్రం కాదు, మొదటి మెట్టు. కాని ఇనుము చౌక, అన్ని చోట్లా దొరుకుతుంది. వెలుతురులో చేసే పని ఇనుముకు అప్పగించగలిగితే పేద దేశములకు మేలు.

మనం చేయగలిగినది

పాడర్‌బోర్న్ 51 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉన్నది. చలికాలంలో మధ్యాహ్నం నాలుగున్నరకే చీకటి పడుతుందని మా అమ్మాయి చెప్పింది. మన మారిషస్ 20 డిగ్రీల దక్షిణాన ఉన్నది. మన పూర్వీకుల వీపులను చెరకు తోటలలో కాల్చిన ఎండ అది. ఎండ తక్కువ దేశంవారు ఎండతో నీటిని కడిగే విద్యను నేర్చుకొంటున్నారు. ఎండ సమృద్ధిగా ఉన్న మనం మన పిల్లలకు ఆ విద్య చెప్పించకపోతే ఎలా?

ఇక ఇంటిలో, ఊరిలో చేయవలసినవి. వాగు తెల్లబడగానే తృప్తి పడవద్దు. కార్బను ఎంత, ఉప్పు ఎంత అని అడుగండి. 1991 నుండి మన దేశంలో పర్యావరణ రక్షణకు చట్టం ఉన్నది, అడుగుట మన హక్కు. అడిగేటప్పుడు ఫ్యాక్టరీలో పనిచేసే మన అక్కచెల్లెళ్ళను శత్రువులుగా చూడవద్దు. వారి జీతం, వాగు నీరు రెండూ నిలవాలి. పైన చెప్పిన గ్లాసుల ప్రయోగం పెద్దలు దగ్గర ఉండి పిల్లలతో చేయించండి. పొడిని పీల్చకుండా, నీటిని త్రాగకుండా జాగ్రత్త. నాలుగు గ్లాసులూ పెట్టండి, ఒకటి కాదు.

నేను తిరిగి వచ్చిన తరువాత బడిలో నీలం సీసా మళ్ళీ చూపించాను. రంగు పోగానే పిల్లలు చప్పట్లు కొట్టారు. ఈసారి నేను సీసాను వెంటనే కుదపలేదు. "నీలం ఎక్కడికి పోయింది?" అని అడిగి, ఒక వారం గడువు ఇచ్చాను. తరువాత అందరం వాగు దగ్గరకు వెళ్ళాము. రొయ్యలను గూర్చి అడిగిన ఆ పిల్లవాడు ఇప్పుడు ఇద్దరు బిడ్డల తండ్రి. అతని కూతురు నా తరగతిలోనే ఉన్నది. ఆమె ఒక సీసాలో వాగు నీరు నింపి, మూత బిగించి, పైన తేదీ వ్రాసి, "సార్, దీనిని ఎవరు కొలుస్తారు?" అని అడిగింది.

ఆ సీసాను పరీక్షకు పంపే ఏర్పాటు చేస్తున్నాను. ఫలితం వచ్చిన తరువాత, మంచిదైనా చెడ్డదైనా, ఈ పత్రికలోనే తెలియజేస్తాను. అంతవరకు సెలవు.